పెరిగెడి ఇండ్లు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను వినినపుడు ఇల్లు కట్టుట ఒక్కసారితో ముగిసెడి మహాకార్యముగా తోచును. శంకుస్థాపన చేసి, గోడలు లేపి, కప్పు వేసి, గృహప్రవేశము జరిపినచో ఇంటి పని ముగిసినదని పలువురి తలంపు. కాని సంసారము అచ్చట ఆగిపోదు. పిల్లలు పుట్టుదురు, పెరిగి పెద్దవారగుదురు, కోడండ్రు వత్తురు. వృద్ధులకు మేడమెట్లు ఎక్కుట కష్టమగును. ఇంటిలో నొకరు కుట్టుపని నేర్చి వీధిగదిని అంగడిగా మార్చుకొందురు. కుటుంబము ఇట్లు మారుచుండగా ఇల్లు మాత్రము మారకయుండుట ఎట్లు?

ధనవంతుడు ఈ ప్రశ్నకు ధనముతోనే బదులు చెప్పును. పాత ఇల్లు చాలనిచో కొత్త ఇల్లు కట్టించుకొనును. బీదవానికి ఆ మార్గము లేదు. వానికి లభించు ఇల్లు తరచుగా ఇతరులు నిర్ణయించిన కొలతలతో, ఇతరులు పంచిన గదులతో, ఒకే అచ్చున పోసినట్లుండును. అది తన సంసారమునకు చాలకపోయినను అందే సర్దుకొనవలెను.

ఈ చిక్కును గూర్చి నాలుగు దశాబ్దములకు పైగా ఆలోచించి, ఇండ్లు కట్టి, కట్టిన ఇండ్లనుండియే పాఠములు నేర్చుకొన్న సంస్థ యొకటి మన దేశమున కలదు. గుజరాతు రాష్ట్రమునందలి అహమ్మదాబాదు నగరములో 1956లో వెలసిన ఆ సంస్థ పేరు ‘వాస్తుశిల్ప’. దాని స్థాపకుడు బాలకృష్ణ విఠల్‌దాస్ దోశీ. విద్యాలయములు, గ్రంథాలయములు, రంగశాలలు మున్నగు పెక్కు కట్టడములను ఆ సంస్థ నిర్మించెను. అయినను సామాన్యుల నివాసగృహములను గూర్చి అది చేసిన కృషి ప్రత్యేకముగా ఎన్నదగినది.

దోశీ 1927వ సంవత్సరము ఆగష్టు 26వ తేదీన పుణె నగరమున జన్మించెను. ఆయనది ఉమ్మడి కుటుంబము. రెండు తరములనుండి కొయ్యసామానుల పని ఆ కుటుంబపు వృత్తి. కుటుంబము పెరిగిన కొలది ఇంటికి కొత్త గదులు, కొత్త అంతస్తులు చేరుట ఆయన బాల్యముననే కన్నులార చూచెను. ఇల్లనునది రాతివలె కదలక నిలిచియుండు వస్తువు కాదనియు, చెట్టువలె పెరుగునదనియు ఆయన మనస్సున నాటుకొనుటకు ఈ అనుభవము బీజమయ్యెను.

1947లో, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన ఏటనే, ఆయన బొంబాయిలోని జె. జె. కళాశాలలో వాస్తువిద్యార్థిగా చేరెను. అటుపిమ్మట లండనునకు వెళ్లి, అచ్చటినుండి 1951లో ప్యారిస్ చేరెను. ఆ కాలమున లే కార్బూజియే అను వాస్తుశిల్పి ప్రపంచమంతట ప్రసిద్ధికెక్కియుండెను. చండీగఢ్ నగరనిర్మాణభారము ఆయనకే అప్పగింపబడెను. దోశీ ఆ మహాశిల్పి కార్యాలయములో చేరినపుడు ఆయనకు ఫ్రెంచి భాష రాదు. మొదటి ఎనిమిది నెలలు జీతమును లేదు. అయినను పట్టు విడువక పనిచేసి గురువు మెప్పును పొందెను.

1954లో దోశీ స్వదేశమునకు తిరిగివచ్చెను. అహమ్మదాబాదులో లే కార్బూజియే రూపొందించిన కట్టడముల పర్యవేక్షణ ఆయన పని. ఆ కట్టడములలో ఇద్దరు సంపన్నుల గృహములును ఉండెను. పగలెల్ల అట్టి భవనముల పని చూచుచున్న ఆ యువకుడు ఆ సంవత్సరముననే ఒక ప్రతిన చేసెను. సంఘములో అట్టడుగున ఉన్నవారికి తగిన నివాసమును కల్పించుట తన జీవితధర్మమనియు, ఆ మాటను బ్రతికినంతకాలము మరువరాదనియు ఆయన తలంచెను. రెండేండ్లకు మరి ఇద్దరు వాస్తుశిల్పులను చేర్చుకొని తన సంస్థను స్థాపించెను.

సంస్థకు నెలవైన అహమ్మదాబాదు కూడ ఒక పాఠశాల వంటిదే. 1411లో అహమ్మద్ షా స్థాపించిన ఆ నగరమున ‘పోళ్’ అనబడు పాత నివాసవాటికలు ఇప్పటికిని కలవు. ఇరుకైన సందులకు ఇరుప్రక్కల, ఒకదాని గోడ నొకటి ఆనుకొని, ఇండ్లు బారులుతీరి యుండును. వేసవిలో ఎండ నలువది డిగ్రీలు దాటెడి ఆ ప్రాంతమున ఇట్టి సందులు ఇరుకుగా నుండుట వట్టి స్థలాభావము వలన మాత్రమే కాదు. ఎదురెదురు ఇండ్ల నీడ సందుపై పడి దానిని చల్లగా నుంచును. ఇంటి నడుమనున్న ముంగిలి గాలిని, వెలుతురును లోనికి తెచ్చును. ఇంటిముందరి అరుగు ఇంటికిని వీధికిని నడుమ నిలిచి రెంటిని కలుపును. తెలుగు పల్లెలలోని వీధి అరుగును ఎరిగినవారికి దాని విలువను వేరుగా చెప్పనక్కరలేదు. విదేశమున నేర్చిన విద్యకు ఈ పాత వీధుల పాఠమును జోడించుటయే వాస్తుశిల్ప సంస్థ అవలంబించిన మార్గము.

సంస్థ తొలినాళ్లలో చేపట్టిన పనులలో వస్త్రపరిశ్రమ పరిశోధనసంస్థయైన ‘అటీరా’ ఉద్యోగుల కొరకు కట్టిన ఇండ్లు ముఖ్యమైనవి. ఇవి 1957 మొదలు 1960 వరకు నిర్మింపబడెను. ఖర్చు తక్కువగా నుండవలెను. ఆ దినములలో సిమెంటు, ఉక్కు దేశమున కరవుగా నుండెను. అందుచేత సమతలముగా నుండు కాంక్రీటు కప్పునకు మారుగా ఇటుకలతో కమాను కప్పులను వేసిరి.

కమాను కప్పు వలన ఉక్కు ఎట్లు మిగులునో తెలిసికొనదగినది. ఇటుక నొక్కుడును బాగుగా ఓర్చుకొనును, లాగుడును ఓర్వలేదు. సమతలమైన కప్పుపై బరువు పడినపుడు అది నడుమ క్రిందికి వంగజూచును. అపుడు కప్పు అడుగుభాగము సాగుచుండును. ఆ లాగుడును తట్టుకొనుటకు అందులో ఉక్కుకడ్డీలు వేయవలెను. కమానులో నట్లు కాదు. బరువంతయు వంపువెంట ఒక ఇటుకనుండి మరియొక ఇటుకకు నొక్కుడుగా దిగి ఇరుప్రక్కల గోడలను చేరును. ఇటుక ఓర్వగల పని మాత్రమే ఇటుకకు ఇచ్చుటచే ఉక్కు ఆదా యగును. పొదుపు అనగా వస్తువును తగ్గించి బలహీనమైన ఇల్లు కట్టుట కాదనియు, ప్రతి వస్తువు స్వభావమును ఎరిగి వాడుటయే యనియు ఇందుచే తెలియుచున్నది.

1963 నాటికి దోశీ తన కుటుంబము కొరకు అహమ్మదాబాదులోనే ఒక ఇల్లు కట్టించి, దానికి తన భార్య పేర ‘కమలా గృహము’ అని నామకరణము చేసెను. పేరుపొందిన వాస్తుశిల్పి ఇల్లు కదా యని అందు ఆడంబరమును వెదకినవారికి ఆశాభంగమే కలుగును. ఇటుకగోడలు, తోటవైపు తెరచుకొను కిటికీలు, మితమైన గదులు, ఇంతియే. పిమ్మటి కాలమున అవసరములు మారగా ఆ ఇంటికిని మార్పులు చేయబడెను. ఇల్లు పెరుగవలెనను సూత్రమును ఆయన తన ఇంటనే పాటించెనని చెప్పవచ్చును.

1960 తరువాత దేశములో పెద్ద పరిశ్రమలు వెలసెను. వాని ప్రక్కనే ఉద్యోగులకు నివాసపురములు కావలసివచ్చెను. వడోదరా సమీపమున ఎరువుల కర్మాగారపు పురమును 1964 మొదలు 1969 వరకును, కలోల్‌లో ఇఫ్కో సంస్థ పురమును 1970 మొదలు 1973 వరకును వాస్తుశిల్ప సంస్థ నిర్మించెను. ఈ రెంటికి నడుమ, 1968 మొదలు 1971 వరకు, అది మన హైదరాబాదులో పనిచేసెను. తెలుగు శాస్త్రవేత్తయైన డాక్టరు ఎ. ఎస్. రావు సారథ్యమున 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడెను. ఆ సంస్థ ఉద్యోగుల నివాసపురమునకు రూపమిచ్చినది వాస్తుశిల్పయే. ఈ.సి.ఐ.ఎల్. అను సంస్థ పేరే నేడు ఆ పరిసరప్రాంతమునకును పేరైనది. నిత్యము ఆ దారిని పోవువారిలో ఈ సంగతి ఎరిగినవారు కొలదిమందియే యుందురు.

సాధారణముగా కర్మాగారపురములలో ఇండ్లు దూరదూరముగా, వెడల్పైన బాటల కిరువైపుల విసరివేసినట్లు కట్టబడుచుండెను. అట్టి బాటలపై మధ్యాహ్నపు టెండలో నడచుట కష్టము. పొరుగువారు కలిసికొనుటయు అరుదు. దక్కను పీఠభూమి ఎండను మనస్సున నుంచుకొని, హైదరాబాదు పురమున ఇండ్లను దగ్గరదగ్గరగా చేర్చి, ఒకదాని నీడ మరియొకదానిపై పడునట్లు అమర్చిరి. అహమ్మదాబాదు పోళులలో నేర్చిన పాఠము ఇట్లు తెలుగునేలపై ఉపయోగపడెను.

ఈ పురములందు ఒక లోపము కూడ కలదు. అచ్చట ఇల్లు ఉద్యోగమునకు అంటియుండును. ఉద్యోగి పదవి ననుసరించి ఇంటి కొలత నిర్ణయమగును. పదవి విరమించినచో ఇల్లు విడువవలెను. తనది కాని ఇంటిని ఎవరును మనసుపెట్టి పెంచుకొనరు. ఇల్లు పెరుగవలెనన్నచో ముందుగా అది నివసించువానిది కావలెను. ఈ సత్యమును నిరూపించు అవకాశము 1973లో పూర్తియైన ఒక నిర్మాణమున లభించెను.

జీవిత బీమా సంస్థ అహమ్మదాబాదులో 324 ఇండ్లను కట్టింపదలచి ఆ పనిని వాస్తుశిల్ప సంస్థకు అప్పగించెను. పలువిధముల ఆదాయములు కలవారు అచ్చట ఇండ్లు కొనుక్కొనవలెను. ధనికులకొక వీధి, బీదలకొక వీధి అని వేరుచేయుట లోకమున వాడుక. దోశీ అట్లు చేయక, ఒకే కట్టడములో మూడంతస్తులలో మూడు తరగతుల కుటుంబములను చేర్చెను. నేలమట్టున పెద్ద ఇల్లు. దానిపై అంతకంటె చిన్నది. అన్నిటికంటె పైన మిక్కిలి చిన్నది. పైకి పోయిన కొలది ఇల్లు చిన్నదగుట వలన ప్రతి అంతస్తునందును కొంత డాబా మిగులును. క్రింది యింటివారికి నేలపై కొంత పెరడు దొరకును. అందరికిని మెట్లు ఉమ్మడియే.

మిక్కిలి చిన్న ఇంటిని పైయంతస్తున ఉంచుటలో చక్కని యోచన కలదు. చిన్న ఇంటివానికే ముందుముందు గదులు ఎక్కువగా కావలసియుండును. వాని ముంగిట తెరపియైన డాబా యున్నచో, చేతిలో డబ్బు చేరినపుడు దానిపై మరియొక గది వేసికొనవచ్చును. నేడు బీదవాడైనవాడు ఎల్లప్పుడును బీదవాడుగనే యుండునని వాస్తుశిల్పి తలంపరాదు గదా!

కాలక్రమమున ఆ ఇండ్ల రూపు మారిపోయెను. కొందరు డాబాలపై గదులు వేసిరి. కొందరు వసారాలను మూసి గదులుగా చేసికొనిరి. కిటికీలు జరిగినవి, రంగులు మారినవి, పెరటిలో కొత్త కట్టడములు లేచినవి. తొలినాటి చిత్రములతో పోల్చిచూచినచో కొన్ని ఇండ్లను గుర్తించుటయే కష్టము. తన పనిని ఇట్లు చెరిపివేసినందులకు మరియొక శిల్పి చింతించి యుండెడివాడేమో! దోశీ సంతసించెను. నివసించువారు ఆ ఇండ్లను నిజముగా తమవిగా చేసికొనిరనుటకు ఆ మార్పులే సాక్ష్యములని ఆయన భావించెను. ఒకే కుటుంబమునందు తాత, తండ్రి, మనుమడు అదే ఇంటిలో నివసించుటకు ఆ మార్పులే తోడ్పడినవి.

అయినను బీమా ఇండ్లలో నివసించినవారు నెలనెల ఎంతో కొంత జీతము వచ్చువారు. అంతకంటె క్రిందనున్నవారి సంగతి ఏమి? కూలిచేసి బ్రతుకువారు, తోపుడుబండి వర్తకులు నగరములందు తమకు దొరికిన చోట గుడిసెలు వేసికొనుచుండిరి. వారికి ఇల్లు కట్టవలెనన్నచో ముందుగా వారు ఎట్లు జీవించుచున్నారో తెలిసికొనవలెను. ఈ ఉద్దేశముతో 1978లో దోశీ ఒక పరిశోధనసంస్థను కూడ నెలకొల్పెను. 1980 తరువాతి సంవత్సరములలో ఆ సంస్థవారు కెనడా దేశపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయము వారితో కలిసి మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ నగరపు మురికివాడలను కొలతబద్ద చేతబట్టుకొని పరిశీలించిరి.

వారు చూచినది వట్టి దైన్యము మాత్రమే కాదు. నీరు లేదు, మురుగుకాలువలు లేవు, ఆ కష్టము నిజమే. కాని ఆ గుడిసెలు తెలివిలేక వేసినవి కావు. ఇంటిముందు మూరెడు అరుగు వేసికొని దానిపైననే వంట, కుట్టుపని, బేరము సాగించుచుండిరి. ఒక చెట్టు నీడ పదిమందికి సభాస్థలి యగుచుండెను. వీధి ఒకచోట ఇరుకుగాను, ఒకచోట వెడల్పుగాను ఉండి ఆటలకు, పండుగలకు తావిచ్చుచుండెను. నివాసమనగా నాలుగు గోడల నడుమ గది మాత్రమే కాదనియు, గది వెలుపలి అరుగు, ముంగిలి, వీధి కూడ అందు చేరియున్నవనియు ఈ పరిశీలన వలన స్పష్టమయ్యెను. బీదలకు గృహనిర్మాణము తెలియును. వారికి లేనివి నేలపై హక్కు, నీరు, మురుగుపారుదల, కొంత అప్పు మాత్రమే.

ఈ జ్ఞానమే ‘అరణ్య’ నివాసవాటికకు పునాది. ఇండోర్ నగరాభివృద్ధి సంస్థ కొరకు, నగరమునుండి సుమారు ఆరు కిలోమీటర్ల దూరమున, 85 హెక్టార్ల నేలపై వాస్తుశిల్ప సంస్థ దీనిని రూపొందించెను. 1989 నాటికి ఈ పని ఒక రూపమునకు వచ్చెను. మొత్తము 6,500కు పైగా నివాసములు.  వాటిక నడుమ అంగళ్లు, కార్యాలయములు గల కేంద్రభాగము. దాని కిరువైపుల ఆరు విభాగములు కలవు.

ఇన్ని వేల ఇండ్లను పూర్తిగా కట్టియిచ్చుటకు ధనము చాలదు. ఉన్న ధనముతో కొలదిమందికి పూర్తి ఇండ్లు ఇచ్చుటయా, పెక్కుమందికి ఇంటి మొదలును ఇచ్చుటయా అనునది ప్రశ్న. దోశీ రెండవ మార్గమును ఎన్నుకొనెను. మిక్కిలి బీదలకు సుమారు 35 చదరపు మీటర్ల తావు ఇచ్చిరి. అది సామాన్యమైన తరగతిగది కంటె చిన్నది. ఆ తావుపై నేలమట్టమునకు ఎత్తుగా లేపిన గట్టి పునాది, నీటికొళాయి, మరుగుదొడ్డి, వానితోపాటు ఒక గది మాత్రము కట్టియిచ్చిరి. మిగిలినదంతయు కుటుంబము తన వీలునుబట్టి కట్టుకొనవలెను. ఇటుకయో, రాయియో, కాంక్రీటో తమకు నచ్చిన వస్తువును వాడుకొనవచ్చును. తొలుత కట్టవలసిన సొమ్ము కుటుంబపు ఆదాయమును బట్టి నిర్ణయమయ్యెను. మిగిలిన అప్పును నెలవాయిదాలలో తీర్చవలెను.

తావుల అమరికలోను శ్రద్ధ కానవచ్చును. పది ఇండ్లు ఒక గుంపు. ప్రతి ఇంటికిని వెనుక ముంగిలి. గుంపు ముందు వీధి. ఇరుగుపొరుగు ఇండ్ల మరుగుదొడ్లను ఒకచోట చేరునట్లు అమర్చుటచే గొట్టముల ఖర్చు తగ్గెను. ఇరువది ఇండ్లకొక సెప్టిక్ ట్యాంకు ఏర్పరచిరి. కంటికి కనబడని ఈ పనులే బీదవాడు తనంతట తాను చేసికొనజాలనివి. గోడను వాడు లేపుకొనగలడు. వీధి క్రింది మురుగుగొట్టమును వేసికొనజాలడు. ఎవరి పని ఎవరు చేయవలెనో ఇంత తేటగా విభజించుటయే అరణ్య రచనలోని మర్మము.

తావులలో మూడింట రెండువంతులు మిక్కిలి బీదలకే కేటాయింపబడెను. పెద్ద తావులు 475 చదరపు మీటర్ల వరకు ఉండెను. వానిని కలిగినవారికి లాభమునకు అమ్మి, ఆ లాభముతో చిన్న తావుల ధరను తగ్గించిరి. ఇట్లు ఒకే వాటికలో ధనికుని కొనుగోలు బీదవాని ఇంటికి ఆధారమయ్యెను. ఇంటిని ఎట్లు పెంచుకొనవచ్చునో చూపుటకు దోశీ 80 మాదిరి ఇండ్లను కట్టించెను. ఒంటిగది ఇల్లు మొదలు విశాలమైన గృహము వరకు అందు పలువిధములు కలవు. అవి ఆజ్ఞలు కావు, సూచనలు మాత్రమే. మెట్లు, అరుగులు, వసారాలు, డాబాలు ఎట్లు కూర్చిన ఏ రూపము వచ్చునో అవి చూపుచుండెను.

1995లో అరణ్యకు ఆగాఖాన్ వాస్తుకళా బహుమానము లభించెను.  అయితే అన్నియు అనుకొన్నట్లే జరుగలేదు. కొందరు బీదలు అక్కరకొద్దీ తమ తావులను అమ్ముకొనిరి. వానిని కొన్నవారు స్తోమత కలవారు. మాదిరి ఇండ్లలో కొన్ని కూల్చివేయబడి, వాని తావున పెద్ద మేడలు లేచినవి. నేల విలువ పెరిగినపుడు బీదవానిని తన తావులోనే నిలుపుట ఎట్లు అను ప్రశ్నకు వాస్తుశిల్పి గీతలు మాత్రమే సమాధానము చెప్పజాలవు. అందుకు ఉపాధి కావలెను. న్యాయమైన అప్పు కావలెను. రక్షణ నిచ్చు చట్టము కావలెను. అయినను ఒంటిగదితో మొదలిడి రెండంతస్తుల వరకు లేచిన ఇండ్లు అచ్చట వందలకొలది కలవు. మురికివాడనుండి వచ్చిన కుటుంబమునకు మొట్టమొదట నేలపై హక్కు, ఇంటికొక కొళాయి లభించుట ఎంత మార్పో అట్టి కష్టమును ఎరిగినవారే చెప్పగలరు.

ఇంచుమించు అదే కాలమున జయపురమునందు విద్యాధరనగరమను కొత్త పేటకు కూడ వాస్తుశిల్ప సంస్థ ప్రణాళిక రచించెను. 1727లో జయపుర నగరనిర్మాణమున సవాయి జయసింహునకు తోడ్పడిన విద్యాధర భట్టాచార్యుని పేర వెలసిన పేట అది. ఎండ, గాలి, నీడ అనువాని నడకను లెక్కించి వీధులను, ఇండ్లను ఏర్పరచుట ఆ ప్రణాళికలోని విశేషము. పాత నగరము నుండి నేర్చుకొని కొత్త పేటను కట్టవలెనను సూత్రము ఇచ్చటను కానవచ్చును.

2018లో దోశీకి ప్రిట్జ్‌కర్ బహుమానము లభించెను. వాస్తుకళారంగమున ఇది అత్యున్నతమైన గౌరవముగా ఎన్నబడుచున్నది. దానిని పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. 2022లో బ్రిటిష్ వాస్తుశిల్పుల రాజసంస్థ స్వర్ణపతకమునిచ్చి సత్కరించెను. 2023వ సంవత్సరము జనవరి 24వ తేదీన, తన 95 ఏండ్ల వయస్సున, ఆయన అహమ్మదాబాదులో కన్నుమూసెను. మరణానంతరము భారతప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ్ బిరుదమును ప్రకటించెను. ఆయన నెలకొల్పిన సంస్థను సహచరులును, కుటుంబములోని తరువాతి తరమువారును నడపుచున్నారు.

అటీరా ఇండ్లనుండి అరణ్య వరకు మూడు దశాబ్దములకు పైగా సాగిన ఈ కృషిని ఒకచోట చేర్చి చూచినచో ఒక క్రమము గోచరించును. మొదట ఇంటి కప్పును చవుకగా వేయుట నేర్చుకొనిరి. తరువాత ఇండ్లను ఒకదాని కొకటి నీడయగునట్లు కూర్చుట నేర్చుకొనిరి. ఆపైన ఇంటిలో పెరుగుదలకు తావు విడుచుట నేర్చుకొనిరి. తుదకు ఇంటి మొదలును మాత్రమిచ్చి మిగిలినది నివాసికి విడిచిపెట్టుట నేర్చుకొనిరి. అడుగడుగున శిల్పి చేయు పని తగ్గుచు, నివసించువాని స్వేచ్ఛ పెరుగుచు వచ్చెను. తాను తెలిసినవాడై యుండియు ఇతరుల తెలివికి చోటిచ్చుట సామాన్యమైన వినయము కాదు.

నగరములు నానాటికి పెరుగుచున్నవి. పల్లెలనుండి పనికై వచ్చువారు ఎచ్చటనో ఒకచోట తలదాచుకొనవలసినదే. వారి కొరకు ఇండ్లు కట్టువారు ఎన్ని ఇండ్లు కట్టితిమని లెక్కించుటతో తృప్తిపడరాదు. ఆ ఇంటిలో పుట్టిన బిడ్డ పెరిగి పెద్దయైనపుడు ఆ ఇల్లును వానితో పెరుగగలదా అని ప్రశ్నించుకొనవలెను. ఇల్లు కట్టి చూడుమన్న పెద్దల మాటలో కష్టమును గూర్చిన హెచ్చరిక కలదు. ఆ కష్టములో బీదవానికి మొదటి మెట్టును అందించి, తక్కిన మెట్లను తానే కట్టుకొనుటకు తావు విడిచినచో, వాని ఇల్లును వాని తరములును కలిసి పెరుగును.